కత్తెరక్క ముక్కు, అందరి వైద్యం

మనిషికి ముక్కు దిబ్బడ వేసిందంటే చాలు, చుట్టుపక్కల వాళ్ళంతా వైద్యులైపోతారు. కాలు విరిగితే అయ్యో పాపం అని ఊరుకుంటారు. కడుపునొప్పి అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు. ముక్కు సంగతికొచ్చేసరికి మాత్రం ఎవరూ ఊరుకోరు. బస్సులో పక్కన కూర్చున్నావిడ, పాలు పోసే మనిషి, చెప్పులు కుట్టే తాత, అందరి దగ్గరా ఒక చిట్కా సిద్ధంగా ఉంటుంది. అది వినకపోతే వాళ్ళకి కోపం కూడా వస్తుంది.

కత్తెరక్కకు ఈ చిట్కాలన్నీ ఒంటబట్టేశాయి. ఒక్క గాలి తప్ప.

ఆమె బట్టలు కుట్టే కంపెనీలో కటింగ్ గదిలో పని చేస్తుంది. పెళ్ళికి ముందు నుంచీ అక్కడి పెద్ద బల్లే ఆమె చోటు. ఆ బల్ల బస్సంత పొడవు ఉంటుంది. దాని మీద పల్చటి గుడ్డను పొర మీద పొరగా పరుస్తారు. అటొకరు, ఇటొకరు అంచులు పట్టుకుని ముడత పడకుండా సాగదీస్తారు. అన్నిటికన్నా పైన, చేతులూ కాలర్లూ గీసిన కాగితం వేస్తారు. ఆ గీతల వెంట కటింగ్ మిషన్ నడిపేది కత్తెరక్క. ఒక్క పొర వేలెడు జరిగినా చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అవుతాయి. అందుకని ఆ గదిలో ఫ్యాను తిప్పరు. కిటికీలు తియ్యరు.

గుడ్డ అంచుల్ని పట్టి ఉంచడానికి ఒకప్పుడు ఇనుప దిమ్మలు ఉండేవి. అవి తుప్పు పట్టి గుడ్డకి మరకలు చేస్తున్నాయని బయట పారేశారు. కొత్తవి కొనమని అడిగితే, కిటికీలు మూసుకుంటే తీరిపోయే దానికి ఇనుము ఎందుకు అని పైనుంచి జవాబు వచ్చింది. అప్పటినుంచీ పొద్దున్నే వచ్చి ప్రతి కిటికీ గొళ్ళెం స్వయంగా లాగి చూడటం సూపర్‌వైజర్‌కు అలవాటైంది. అందరూ ఆయన్ని గొళ్ళెం సార్ అంటారు. ఎదురుగా మాత్రం సార్ అనే అంటారు.

మూసిన గదిలో మిషన్ నడుస్తుంటే గుడ్డలోంచి నూగు లేస్తుంది. అది కనురెప్పల మీద వాలుతుంది, టీలో తేలుతుంది, జడల్లో ఇరుక్కుంటుంది. పొద్దున కోడళ్ళుగా వచ్చి సాయంత్రం తెల్లజుట్టు అత్తలుగా ఇంటికి పోతున్నామని బొత్తాల పిన్ని నవ్వుతుంది. ఆ గది చివర కూర్చుని బొత్తాలు వేరుచేసే పెద్దావిడ ఆమె. నవ్వాక కాసేపు దగ్గుతుంది.

ఆ నూగే కత్తెరక్క ముక్కుల్లో చేరి కాపురం పెట్టింది. కనుబొమల మధ్య ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంటుంది. కిందికి వంగితే చెంప ఎముకలు బరువెక్కుతాయి. అయినా నెట్టుకొచ్చింది. కానీ ఒకరోజు, పొరలన్నీ పరచడం అయిపోయి మిషన్ పట్టుకోబోతుండగా తుమ్మొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. ఆ ఊపుకి చెయ్యి తగిలి పై పొరలన్నీ పక్కకి జరిగిపోయాయి. గొళ్ళెం సార్ అక్కడే ఉన్నాడు.

"ఇంటి దగ్గర ఆ ముక్కు సంగతి చూసుకుని రామ్మా. నెలాఖరు దాకా చూస్తా. ఇదే వరసైతే నిన్ను గోనెల గదిలో వేస్తా" అన్నాడు.

గోనెల గది అంటే కత్తిరించగా మిగిలిన పేలికల్ని సంచుల్లోకి కుక్కే చోటు. దానికి కిటికీయే లేదు. ముక్కు బాగాలేని మనిషిని నూగు ఇంకా ఎక్కువగా ఉండే చోట వెయ్యడం ఎక్కడి న్యాయమో ఆయన్నే అడగాలి. పైగా ఇంటి దగ్గర చూసుకుని రమ్మనడం. నూగు కంపెనీది, ముక్కు మాత్రం ఇంటిది. అడగాలనే ఉంది కానీ, అడగబోతే మళ్ళీ తుమ్మొచ్చింది.

ఇంటికి వచ్చి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత అనుకుంది.

అత్తగారు ఆ పూటే అటక మీంచి ఆవిరి గిన్నె దింపించింది. వెడల్పాటి మూతి, మందమైన అడుగు, ఎత్తితే రుబ్బురోలంత బరువు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అడుగు మాడి నల్లగా ఉంటుంది. తోమనివ్వదు. మసి ఉంటేనే వేడి నిలుస్తుందని ఆవిడ నమ్మకం. మరిగే నీళ్ళలో నీలగిరి తైలం చుక్కలు వేసి, కోడలి తల మీద దుప్పటి కప్పి, ముందు కూర్చుని కాపలా కాసేది. దుప్పటి కాస్త పైకి లేస్తే చాలు, "అమ్మాయ్, మొహం పెట్టాల్సింది గిన్నె మీద, గిన్నెకి దూరంగా కాదు" అనేది. మొహం మరీ దగ్గరగా పెడితే కాలుతుందని కత్తెరక్క చెప్పినా వినదు.

ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్. అతను తెచ్చింది వెల్లుల్లి. కాల్చి నమలమన్నాడు. వాళ్ళ డిపోలో ఒక డ్రైవర్‌కు దానితోనే తగ్గిందట. ఆ డ్రైవర్ ఎదురుగా ఎవరైనా నిలబడగలుగుతున్నారా అని కత్తెరక్క అడిగితే ఇంకో రెబ్బ ఒలిచి చేతిలో పెట్టాడు. పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి నొసటి మీద కాపడం పెట్టడం కూడా అతనే నేర్చుకొచ్చాడు.

పక్కింట్లో నర్సమ్మగారు ఉంటారు. ఉద్యోగం విరమించినా సూది చేతిలో ఉన్నట్టే మాట్లాడతారు. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి, ఒక ముక్కులో పోసి ఇంకో ముక్కులోంచి రానివ్వమన్నారు. కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యొద్దని వేలు చూపించి మరీ చెప్పారు. ఇది చూసి అత్తగారు మండిపడింది. మనిషి ముక్కా, పూలకుండీయా, నీళ్ళు పొయ్యడానికి అని గోడవతలికి వినబడేలా అంది. మీ ఆవిరితో మొహం ఉడుకుతుంది తప్ప ముక్కు కడుక్కోదని గోడ ఇవతలికి జవాబు వచ్చింది. ఇద్దరూ వారం పాటు మాట్లాడుకోలేదు. కత్తెరక్క మాత్రం ఇద్దరి మాటా వినాల్సి వచ్చింది. ముందు ఆవిరి, తర్వాత ఉప్పునీళ్ళు, ఆపైన కాపడం, చివర వెల్లుల్లి. దిండు కింద ఇంకో దిండు పెట్టుకుని పడుకోమని బొత్తాల పిన్ని చెప్పింది. అదీ చేసింది. మెడ పట్టేసింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఈ వైద్యాలు చెడ్డవేమీ కాదు. ఆవిరి పడితే ముక్కు తెరుచుకునేది. ఉప్పునీళ్ళతో కడిగితే లోపలున్న నూగు ముద్దలుగా బయటికి వచ్చేది. కాపడానికి నొసలు తేలికపడేది. ఆ హాయితో పొద్దున బయల్దేరి ఫ్యాక్టరీకి వెళ్తే, టీ గంట కొట్టేసరికి మళ్ళీ మొదటికొచ్చేది. కడవకి చిల్లు పెట్టి నీళ్ళు పోస్తున్నట్టుంది ఆమె వ్యవహారం. ఇంట్లోవాళ్ళంతా నీళ్ళు ఇంకాస్త గట్టిగా పొయ్యమనేవాళ్ళే, చిల్లు వంక చూసేవాళ్ళు లేరు.

ఒక రాత్రి భోజనాల దగ్గర, ఆవిరి సరిగ్గా పట్టావా అని అత్తగారు, వెల్లుల్లి మింగేస్తున్నావా నములుతున్నావా అని భర్త, తలుపు దగ్గర నిలబడి నీళ్ళు కాచావా లేదా అని నర్సమ్మగారు, ఒకేసారి అడిగారు. కత్తెరక్క కంచం ముందు నుంచి లేచిపోయింది.

"కాస్త నన్ను ఊపిరి పీల్చుకోనిస్తారా?"

"పీల్చుకోమనే కదమ్మా ఇంతసేపూ చెప్తోంది" అంది అత్తగారు నొచ్చుకుంటూ.

ఆ తర్వాత కంపెనీలో కరెంటు తీగలు మార్చడానికని కొన్నాళ్ళు సెలవిచ్చారు. సెలవులు మొదలైన మూడో రోజు పొద్దున కత్తెరక్క నిద్ర లేస్తూనే, అడుగంటిన పాల వాసన పట్టేసింది. తర్వాత సబ్బు వాసన, ఉతికిన దుప్పటి వాసన, అత్తగారి తలనూనె వాసన. ఆ తలనూనె వాసన ఆమెకెప్పుడూ గిట్టేది కాదు. ఇప్పుడు మాత్రం దగ్గరికెళ్ళి ఇంకోసారి పీల్చింది.

ఇల్లంతా సంబరమైపోయింది. నా ఆవిరి అంది అత్తగారు. నా వెల్లుల్లి అన్నాడు భర్త. నర్సమ్మగారైతే ఉప్పు డబ్బా వంక చూసి చిన్నగా నవ్వారంతే. నిజానికి ఆ రెండు రోజులూ కత్తెరక్క, తనే చేసుకుంటానని చెప్పి, ఏ చిట్కా చెయ్యలేదు. ఆ మాట చెబితే ముగ్గురూ నమ్మలేదు.

సాయంత్రం కూరగాయల బజారులో బొత్తాల పిన్ని కనబడింది. మాట గరగర లేకుండా కుర్రపిల్ల గొంతులా ఉంది.

"ఏం వైద్యం చేశావ్ పిన్నీ?" అని అడిగింది కత్తెరక్క.

"వైద్యమేంటే? ఇంట్లో పడుకున్నా."

కత్తెరక్క చేతిలో వంకాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొంటావా, చూసి పోతావా అని కూరలమ్మే ఆవిడ కసిరేదాకా కదల్లేదు.

సెలవులు అయిపోయాయి. కొత్త తీగలు, కొత్త బల్బులు, పాత కిటికీలు. టీ గంటకల్లా ముక్కు మూసుకుపోయింది. కత్తెరక్క నేరుగా గొళ్ళెం సార్ దగ్గరికి వెళ్ళింది. ఆయన జేబులోంచి మందు గొట్టం తీసి ఒక ముక్కుతో పీలుస్తూ విన్నాడు.

"సార్, సెలవుల్లో నా ముక్కు బాగానే ఉంది."

"మంచిదేగా. ఆ మందే ఇప్పుడూ వాడు."

"ఆ మందు సెలవే సార్. కిటికీలు తియ్యనివ్వండి."

ఆయన రెండో ముక్కు కూడా పీల్చుకున్నాడు. కిటికీలు తీస్తే గుడ్డ లేస్తుందని, లేస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది తనేనని, దిమ్మల కోసం తనూ అడిగి అడిగి ఊరుకున్నానని అన్నాడు. చివరికి గొంతు తగ్గించాడు. "గాలొస్తే గుడ్డను ఎవరు పట్టుకుంటారు, నువ్వా? నెలాఖరు దగ్గర పడింది, గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేం. దారి పొడవునా అదే గుర్తు. ఇన్నేళ్ళు నిలబడ్డ బల్ల, తన చేతికి అలవాటైన మిషన్, అన్నీ వదిలి ఆ కిటికీ లేని గదిలో పేలికలు కుక్కుతూ కూర్చోవాలి. అదీ తన ముక్కు చేసిన తప్పుకి.

ఇంట్లో అత్తగారు అప్పటికే నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. కత్తెరక్కకు ఒళ్ళు మండింది. దుప్పటి విసిరికొట్టబోయి ఆగింది. గిన్నెను చూసింది. దాని చెవులు పట్టుకుని పొయ్యి మీంచి దించబోతే మణికట్లు లాగాయి. అంత బరువు.

"అత్తయ్యా, రేపు ఈ గిన్నె నాతో తీసుకెళ్తా."

"ఫ్యాక్టరీలో ఆవిరి పడతావా? పట్టనిస్తారా?"

"గుడ్డ మీద పెడతా. అంచు లేవకుండా. అప్పుడు కిటికీలు తియ్యొచ్చు."

అత్తగారు గిన్నె అంచును చీరకొంగుతో తుడిచింది. తన వైద్యాన్ని గుడ్డకి బరువుగా వాడతానంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. చివరికి దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టింది. "అది మా అమ్మది. సొట్ట పడిందంటే ఊరుకోను" అని మాత్రం అంది.

కత్తెరక్క అప్పుడే వెళ్ళి బొత్తాల పిన్నికి చెప్పింది. పిన్ని తన వీధిలో ఉండే తోటివాళ్ళకి చెప్పింది. మర్నాడు కటింగ్ గదికి వచ్చిన ఆడవాళ్ళందరి చేతుల్లో బరువైన సంచులే. ఒకరు రోకలిబండ తెచ్చారు, ఒకరు ఇనుప పెనం, ఒకరు పాత ఇస్త్రీపెట్టె. పిన్ని పచ్చడిబండ తెచ్చింది. ఎవరింట్లో వాళ్ళు ఆవిరి పట్టే గిన్నెలైతే నాలుగైదు వచ్చాయి. కత్తెరక్క ఒక్కతే ముక్కుతో బాధపడుతోందనుకున్న వాళ్ళంతా ఆ గిన్నెల్ని చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

గొళ్ళెం సార్ స్టోరు గదిలో ఉన్నాడు. పొరలు పరిచారు, కాగితం వేశారు, అంచుల మీద బరువులు పేర్చారు. కిటికీ గొళ్ళేలు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే రోకలితో తట్టారు. తెరుచుకోగానే గాలి వచ్చింది. కాగితం ఒకసారి రెపరెపలాడింది. గిన్నెల కింద అణిగి ఊరుకుంది.

గొళ్ళెం సార్ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇది ఫ్యాక్టరీయా, వంటిల్లా అని అడిగాడు. ఆయన దగ్గరికి వచ్చి అత్తగారి గిన్నె ఎత్తాడు. కాగితం మీద నల్లగా, గుండ్రంగా మసి ముద్ర.

కత్తెరక్క గబుక్కున బల్ల మీదికి వంగింది. అడుగు తోమలేదు. ఎప్పుడూ తోమని గిన్నె, తోమాలన్న ఊహే రాలేదు. కిందున్నది తెల్ల గుడ్డ.

గొళ్ళెం సార్ కాగితం అంచు పట్టుకుని మెల్లగా పైకి లేపాడు. గుడ్డ తెల్లగానే ఉంది. మసి కాగితంతోనే ఆగిపోయింది. ఆయన ఒక్కో పొర అంచునూ వేలితో తడిమి చూశాడు. ఏదీ జరగలేదు. జేబులోంచి మందు గొట్టం తీశాడు. కిటికీ వంక చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అడుగులు తోముకు రండి. సాయంత్రం దాకా చూద్దాం. ఒక్క పొర కదిలిందో..." అన్నాడు.

ఆ సాయంత్రమూ కదల్లేదు, ఆ తర్వాతా కదల్లేదు. నెలాఖరు వచ్చింది, పోయింది. కత్తెరక్క ఆ బల్ల దగ్గరే ఉంది. గోనెల గది మాట ఆయనా ఎత్తలేదు, ఆమే ఎత్తింది. దానికి కూడా కిటికీ పెట్టించాలని. అది ఇంకా తేలలేదు. కంపెనీ నుంచి ఇనుప దిమ్మలు వస్తాయంటున్నారు. ఇంకా రాలేదు. వచ్చేదాకా గిన్నెలు, రోకళ్ళు అక్కడే ఉంటాయి. ఆమె ముక్కు పూర్తిగా బాగుపడిందంటే అబద్ధమవుతుంది. టీ గంటకి మూసుకునేది ఇప్పుడు పని దిగే వేళకి కాస్త బిగుస్తుంది. తుమ్ము వస్తే పక్కకి తిరిగే వ్యవధి ఇస్తుంది.

ఒకరోజు ఇంటికి వచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాటంతా ముక్కుతోనే వస్తోంది.

"గిన్నె ఏదే?"

"బల్ల మీదుంది అత్తయ్యా. ఫ్యాక్టరీలో."

"అయితే నేనెలా పట్టను ఆవిరి? నా గిన్నె గుడ్డకి కాపలా కాస్తోంది. నాకెవరు కాస్తారు?"

కత్తెరక్క నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. వెల్లుల్లి నమలమని, ఉప్పునీళ్ళు పొయ్యమని, దిండు కింద దిండు పెట్టుకోమని. అన్నీ మింగేసింది. అన్నం వండే గిన్నెలో నీళ్ళు మరిగించి, తైలం చుక్కలు వేసి, తీసుకొచ్చి ముక్కాలిపీట మీద పెట్టింది. దుప్పటి కప్పి, ఎదురుగా కూర్చుంది.

దుప్పటి కాస్త పైకి లేచింది. కత్తెరక్క దాన్ని కిందికి లాగింది.