ఆ దీవిలో ఒక్క పూట

"దూరం వెళ్ళాలనుకున్న చోటు ఏదైనా ఉంటే ఇప్పుడే వెళ్ళి వచ్చేయండి" అన్నాడు శ్రీకాకుళంలో డాక్టరు, మా బావ కాగితాలన్నీ చూసి. మా బావ అంటే నా పెనిమిటే. మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళికి ముందూ తర్వాతా నా నోట అదే పిలుపు. "డయాలసిస్ మొదలైతే వారానికి మూడు రోజులు ఆస్పత్రి మంచం మీదే. ఆరు నెలలు ఆగొచ్చు, ఇంకా ఎక్కువే ఆగొచ్చు. మందులు మాత్రం ఒక్క పూట మానకూడదు."

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు మా వైపు కొత్త మాట కాదు. ఎవరి గుమ్మంలో కూర్చున్నా ఆ కబురు ఒకటి వినకుండా లేవలేం. అందుకని ఆ రోజు మేమిద్దరం ఏడవలేదు. బస్సు నరసన్నపేట దాటాక నేనే అన్నాను, శ్రీముఖలింగం వెళ్ళి స్వామిని చూసి వద్దామని.

"ముఖలింగం నూరు సార్లు ఎల్లాం కదే. ఆ దీవికి ఎల్దాం" అన్నాడు మా బావ.

ఆ దీవి సంగతి నాకు తెలుసు. మా బావ ఇరవై ఆరేళ్ళు సరుకు ఓడల్లో, ఇంజను గదిలో ఫిట్టరుగా పని చేశాడు. కరేబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి దగ్గర వాళ్ళ ఓడ చాలాసార్లు లంగరు వేసింది. రేవు లోతు చాలక దూరంగా ఆగేవారట, సరుకు పడవల మీద వచ్చేదట. పనివాళ్ళకి ఒడ్డు దిగడానికి పాసు ఇచ్చేవారు కాదు. డ్యూటీ దిగి పైకొచ్చి, నూనె చేతులు తుడుచుకుంటూ ఆ తెల్లటి ఇసక కేసి చూసేవాడట. ఆలుమగలు వచ్చి కూర్చునేవారట, చెప్పులు పక్కన విప్పుకుని. "నిన్ను ఆ ఇసక మీద కూర్సోబెట్టి, నాను నీ పక్కన కూర్సుని, మన ముందు నుంచి ఓడొకటి పోతంటే సూడాల" అనేవాడు సెలవుకి వచ్చినప్పుడల్లా. అంతే ఆయన కోరిక. నేను ఊఁ అనేదాన్ని. అలాంటి వాటికి ఊఁ అనడం తప్ప ఏం చేస్తాం.

విజయనగరంలో ఉన్న మా అమ్మాయి టిక్కెట్లు తీసింది. మొత్తం తొమ్మిది రోజులు, అందులో దీవిలో ఆరు. పక్కింట్లోనే ఉండే మా వదిన, అంటే మా బావకి అక్క, మా వైపు అప్ప అంటాం, కబురు విని కొంగు దోపుకుని వచ్చేసింది.

"ఓలమ్మో! ఆస్పత్రికి పట్టుకెళ్ళాల్సిన మనిసిని దీవులకి పట్టుకెల్తావేటే? అక్కడ నీకేటున్నాది, మీ బాబు కట్టించిన మేడున్నాదా?"

"నువ్వూ వచ్చీ అప్పా" అన్నాడు మా బావ. "ఇమానంలో బోల్డు సోటుంటాది. తొక్కుడు బిళ్ళ ఆడుకుందువు గాని."

"నోరు ముయ్యిరా. నవ్వుతాలకేటి." అంది గానీ మూడు రోజులు కూర్చుని ఉప్పు లేని అటుకులు వేయించి ఇచ్చింది. ఆవిడ చేతి చలవ మరిచిపోలేను.

ఇక నా తప్పు చెప్పాలి. మా ఊళ్ళో మగవాడు ఓడ ఎక్కితే, సొంత తోటలో కొబ్బరికాయ ఒకటి సముద్రంలో గంగమ్మకి ఇచ్చుకుంటాం. అన్నేళ్ళూ మన ఒడ్డునే ఇచ్చాను, ఆ తల్లి ప్రతిసారీ మనిషిని వెనక్కి పంపింది. ఈసారి నేనూ సముద్రం దాటుతున్నాను కదా, కాయ అక్కడే ఇద్దామనుకున్నాను. పచ్చికాయ అయితే దారిలో పగిలి చెమ్మ అవుతుందని బాగా ఎండిన కురిడీ తీసుకున్నాను. మా బావ పాత లుంగీలో చుట్టి రెండు పెట్టెల్లో ఒకదాంట్లో పెట్టాను. మందులన్నీ ఆ పెట్టెలోనే సర్దాను, డాక్టరు చీటీతో సహా. రైలు ప్రయాణంలో మనం అలాగే చేస్తాం కదా. విలువైనదంతా పెద్ద పెట్టెలో పెట్టి సీటు కింద గొలుసు వేస్తాం, చేతి సంచి ఎవడైనా లాక్కుపోతాడని. రెండు రోజుల మాత్రలు మాత్రం దారి కోసం నా సంచిలో వేసుకున్నాను.

ఎండు కొబ్బరి విమానం ఎక్కదని నాకు తెలియదు. నూనె ఉంటుంది కదా, నిప్పు అంటుకుంటుందట. విశాఖపట్నంలోనే మిషను దాన్ని పట్టేసింది. మైకులో మమ్మల్ని పిలిచారట. ఇంజను గది హోరులో మా బావ చెవులు ఏనాడో సగం పోయాయి. నాకేమో ఆ గోలలో మమ్మల్నే పిలుస్తారన్న ఊహే లేదు. మేం ఎక్కేశాం. పెట్టె ఆగిపోయింది.

ఐరోపాలో విమానం మారే చోట మంచు. మా విమానం ఆలస్యంగా దిగింది, తర్వాతది వెళ్ళిపోయింది. వీసా లేదు కాబట్టి బయటికి పోనివ్వరు. ఒక పగలూ ఒక రాత్రీ కుర్చీల్లోనే. మా దీవికి దగ్గర్లో ఉన్న పెద్ద దీవిలో దిగేసరికి బట్టల పెట్టె ఒకటే వచ్చింది. మా బావని కుర్చీలో కూర్చోబెట్టి కౌంటరు దగ్గరికి నేనే వెళ్ళాను. అక్కడున్న పిల్ల కంప్యూటరులో చూసి చెప్పింది. నాకు ఇంగ్లీషు ఇంట్లో మా నాన్న చెప్పినంతే వచ్చు, బడి మొహం చూడలేదు. అయినా కోకోనట్ అన్న మాట నాకు బాగానే తెలిసింది.

తిరిగి వచ్చి, "పెట్టె ఎనక వస్తాదంట" అన్నాను.

"ఏటయ్యిందంట?"

"ఏటో బావా. వాళ్ళకే తెలీదు."

పెళ్ళయ్యాక ఆయనతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం అదేనేమో. దీపం ముందు కూర్చునే దాన్ని, ఎంత సులువుగా వచ్చేసిందో.

అక్కణ్ణుంచి మా దీవికి చిన్న విమానం ఎక్కాలి. గాలివాన పట్టుకుంది. ఇవాళ లేదన్నారు, రేపన్నారు, రేపూ లేదన్నారు. ఒక చిన్న గదిలో ఉన్నాం. కిటికీ రెక్క పొద్దస్తమానం కొట్టుకుంటోంది. నా సంచిలో మాత్రలు మొదటి రోజుకే అయిపోయాయి. మర్నాడు పొద్దున్న మా బావ పాదాలు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

"సాక్సు బిగువు" అన్నాడు.

"సాక్సు ఏసుకోనేదు కదా బావా."

"మరి ఏసుకోనప్పుడే మాయదారి గాలి తగిలుంటాది" అని అటు తిరిగి పడుకున్నాడు.

నాకో అలవాటు ఉంది. మందుల పేర్లు నోరు తిరగవు, గుర్తుండవు. అందుకని ప్రతి మందుకీ అట్ట మూల ఒక ముక్క కత్తిరించి, ఒక కాగితానికి సూదీ దారంతో కుట్టుకుంటాను. ఎర్ర అట్ట పొద్దున్న, వెండి అట్ట అన్నంతో, అలాగ. ఆ కాగితం నా సంచిలో మిగిలింది. వానలో కొంగు నెత్తిన వేసుకుని రెండు వీధులు నడిచి ఒక మందుల షాపు పట్టుకున్నాను. షాపావిడ ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, నాకూ తెలుసు. ఎవరికో ఫోను చేసింది, మళ్ళీ చేసింది. చివరికి నాలుగింట్లో రెండు ఇచ్చింది. మిగతా రెండూ అక్కడ దొరకవట. నా చేతులు పట్టుకుని ఏదో అంది. అర్థం కాలేదు గానీ దీవెనలా ఉంది. ఆవిడ పిల్లాపాపలతో చల్లగా ఉండాలని ఈ రోజుకీ అనుకుంటాను.

నాలుగు రోజులు పోయాక వాన తెరిపిచ్చి, పడవ ఉందన్నారు. ఆరు రోజులనుకున్న దీవిలో మాకు దక్కింది ఒక్క పూట. పొద్దున్న దిగాం, మధ్యాహ్నం పడవకి వెనక్కి. అది తప్పితే మన దేశం వచ్చే విమానం తప్పుతుంది.

మా బావ పాదాలకి చెప్పులు పట్టలేదు. వట్టి కాళ్ళతోనే ఇసకలోకి నడిచాడు, నా భుజం మీద చెయ్యి వేసి. అంత బరువుగా ఆ చెయ్యి ఎప్పుడూ లేదు. ఇసక నిజంగానే తెల్లగా ఉంది, పిండిలాగ. మా బావ ముందు నన్ను కూర్చోబెట్టి, తర్వాత తను కూర్చున్నాడు, చెప్పినట్టే. కొబ్బరిబొండాలు అమ్ముకునే ఒకాయన మా వాలకం చూసి ఒకటి కొట్టి మా బావ చేతిలో పెట్టాడు. కిడ్నీ వాళ్ళకి కొబ్బరినీళ్ళు విషం అన్నారు కదా. తోటలో పుట్టి పెరిగిన మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని, కాసేపు ఒళ్ళో పెట్టుకుని, నాకిచ్చాడు.

"తాగి సెప్పు. మన తోటలో దాని కన్నా తీపేటే?"

"మన కాయలా లేదు బావా. సప్పగా ఉన్నాది" అన్నాను. తియ్యగానే ఉంది.

"నానెరగనా" అని సంబరపడ్డాడు.

గంగమ్మకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నీళ్ళ దాకా వెళ్ళి వట్టి చేతులతో దండం పెట్టి, మమ్మల్ని ఇక్కడి దాకా తెచ్చావు తల్లీ, చాలు అన్నాను. వెనక్కి తిరిగితే ఆయన ఎండలో కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం చివర వెతుకుతున్నాడు.

ఓడ రాలేదు. చేపల పడవలు రెండు పోయాయి, ఓడ మాత్రం రాలేదు. పడవ వేళయిందని నేను లేచాను.

"ఇంకొక్క రవ్వ ఆగవే" అన్నాడు. ఆగాను. ఇంకొక్క రవ్వ అన్నాడు. మూడోసారి ఆయన అడగలేదు, నేనే చెయ్యి పట్టి లేపాను.

ఇంటికొచ్చాక పదిహేను రోజులకే సోంపేటలో డయాలసిస్ మొదలైంది. ఆరు నెలలు ఆగొచ్చన్నది ఆగలేదు. ఆగిపోయిన పెట్టె మా అమ్మాయి తెచ్చి ఇచ్చింది, మందులన్నీ సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. వాటిని చూశాక అన్నం సహించలేదు. ఒక రోజు ఆయన రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేశాను. కురిడీ సంగతి, కౌంటరు పిల్ల సంగతి, అంతా.

అందరూ తిరిగి చూసేలా నవ్వాడు. "ఒసే పిచ్చిదానా! మన ఊరి నీళ్ళల్లో ఏటున్నాదో గానీ పుట్టినప్పట్నుంచీ తాగినోణ్ణి. నాలుగు రోజులు మాత్రలు మానితే నాకేటవుతాదే?" నవ్వు ఆపి, "ఇన్నాళ్ళూ కడుపులో ఎట్టుకుని ఎలా తిరిగేవే" అన్నాడు.

ఆయన క్షమించాడు. నాకది చాలలేదు. ఆయన దగ్గర లేనప్పుడు డాక్టరుని అడిగాను, ఆ నాలుగు రోజుల వల్లేనా బాబూ అని. డాక్టరు కాగితాలు తిరగేశాడు. "రావలసిందే వచ్చిందమ్మా. కొంచెం ముందో వెనకో" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ "కొంచెం ముందో" నాతో ఇంటికి వచ్చేసింది.

ఆ వార్డులో మా బావకి మంచి పేరుండేది. పక్క మంచాల వాళ్ళు దీవి కబుర్లు చెప్పమనేవారు. మా బావ చెప్పేవాడు. మేం ఇసక మీద కూర్చుంటే మూడంతస్తుల ఓడ ముందు నుంచే పోయిందనీ, పైన పనివాడొకడు చెయ్యి ఊపాడనీ. "నిజమేనా అమ్మా?" అని నన్నడిగేవారు. "నిజమే, నానూ సెయ్యి ఊపేను" అనేదాన్ని. ఆయన నా కేసి చూసేవాడు కాదు.

పధ్నాలుగు నెలలు బతికాడు. ఎక్కువ బాధ పడకుండానే తీసుకెళ్ళాడు స్వామి, అందుకు రోజూ దండం పెట్టుకుంటాను. పక్క మంచాల వాళ్ళు కర్మకాండకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, అంత నీరసంలో. అదీ మరిచిపోను.

మొన్న మా వీధి చివర ఉండే ఆవిడ వచ్చింది. నా కన్నా చాలా చిన్నది. వాళ్ళాయనకీ డాక్టరు అదే మాట చెప్పాడట, వెళ్ళాలనుకున్న చోటికి ఇప్పుడే వెళ్ళండని. కాశీ వెళ్దామంటున్నాడట.

"ఎల్లమంటావా అప్పా? దార్లో ఏటైనా అయితే?"

"ఎల్లండి" అన్నాను. "మందులు మాత్రం నీ సంచిలో ఎట్టుకో. చీటీ రెండు కాగితాల మీద రాయించు, ఒకటి నీ రవికలో ఉండాల."

"అలగే" అని లేచి, మళ్ళీ ఆగింది. "ఇలగవుతాదని ముందే తెలిస్తే, నువ్వు ఆయన్ని అంత దూరం పట్టుకెల్దువా?"

"ఎల్దును" అన్నాను వెంటనే.

ఆవిడ మొహం తేటపడింది. గబగబా వెళ్ళిపోయింది, ఆయనకి చెప్పాలని కాబోలు. నేను చెప్పింది నిజమో, ఆవిడ కోసం ఆడిన మాటో, ఎంత ఆలోచించినా తేలలేదు. దీపం పెట్టే వేళ దాటిపోతోందని తెలుస్తూనే, గుమ్మంలో అలాగే కూర్చుండిపోయాను.