ఎర్రగా కనిపించిన మా తోట

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. తిరుత్తణి దగ్గర మా మామిడితోటకూ, మా ఆయన అన్నగారి మల్లెతోటకూ కలిపి ఒకటే బావి. నీళ్ల వంతు దగ్గర బావగారితో రోజూ వాదించేదాన్ని. కాలేజీలో పదునెక్కిన నోరు కదా, గెలిచేదాన్ని కూడా. మోటరు గది తాళం నా దగ్గరే ఉండేది.

ధనుర్మాసంలో తోటల ఆఫీసరు ఒకాయన విమానం నుంచి తీసిన రంగుల ఫోటో తెచ్చి మా వసారాలో పరిచాడు. ఏ తోటకు నీళ్లు కావాలో అందులో తెలుస్తుందట. మా తోట ఎర్రగా మండుతోంది. బావగారిది వెలిసిన బూడిదరంగులో ఉంది.

"చూసినారా బావా! మా చెట్లు కాలిపోతా ఉండాయి. ఇంక మీకు వంతు యాడనుంచి తెచ్చేది?" అన్నాను, ఫోటో చూడ్డానికి వచ్చిన ఊరివాళ్లందరి ముందూ.

ఆఫీసరు ఇబ్బందిగా దగ్గాడు. "అది కాదమ్మా, ఈ ఫోటోలో పచ్చటి ఆకే ఎర్రగా పడుతుంది. మీ తోటకు నీళ్లు ఎక్కువైనాయి. పూత రావాల్సిన టయానికి చిగురేస్తా ఉంది. ఎండింది వాళ్ల మల్లె."

"తోరణాలకు ఆకులమ్ముకో అక్కా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

బావగారు నవ్వలేదు. "పోనీలేమ్మా, ఫోటో ఎప్పుడు తీసినారో ఏమో" అన్నారు, నా పరువు కాపాడాలని.

తిట్టి ఉంటే తిరిగి వాదించేదాన్ని. కొంగు ముడి విప్పి మోటరు గది తాళంచెవి ఆయన ముందు పెట్టి, తల ఎత్తకుండా లోపలికి వెళ్లిపోయాను.