కుర్చీని నమ్మని పురుషోత్తం

పురుషోత్తం గారు లోకంలో దేన్నైనా నమ్మేవారు, కుర్చీని తప్ప. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో తొర్రూరు కాలువల ఆఫీసులో నక్షాలు గీసేవాళ్లందరికీ ఆయనే పెద్ద. కొత్త కుర్చీ వస్తే చాలు, చుట్టూ తిరిగి చూసి, "మెత్తగున్నది. గిదే నాకు భయం," అనేవారు. మేస్త్రీలు గోడ నిలువు చూసే తూకంగుండు ఎప్పుడూ ఆయన జేబులోనే. ఎవరైనా వంగి గీస్తుంటే చెవి పక్కన దారం వేలాడదీసి, "మెడ రెండంగుళాలు ముందుకొచ్చింది. గోడైతే ఈపాటికి కూలేది," అని తేల్చేవారు.

ఖమ్మం బస్సు హారన్ వినపడితే అందరూ పెన్నులు పెట్టి లేవాల్సిందే, అది ఆయన పెట్టిన నియమం. బస్సు మూల తిరిగేదాకా చేతులు విదిలిస్తూ దూరంగా చూడాలి. ఒకసారి సరిగ్గా అప్పుడే కొత్త ఇంజనీరు లోపలికొచ్చాడు. తనకోసమే లేచారని మురిసిపోయాడు. బస్సు వెళ్లిపోయింది. ఇంజనీరు నిలబడి ఉండగానే అందరూ నవ్వు ఆపుకుంటూ కూర్చున్నారు.

అక్కడే నక్షాలు గీసే శకుంతలకు మాత్రం నవ్వు రాలేదు. ఆమెది ఆరునెలల తాత్కాలిక నౌకరీ. ఎవరుండాలో ఎవరు పోవాలో సోమవారం ఇంజనీరు తేల్చేస్తాడు. ఆమెకేమో కుడిచెయ్యి మణికట్టు నుంచి భుజం దాకా ఒకటే సలుపు. ఆ సంగతి బయటపడితే గీసే పని ఎవరిస్తారు? పొద్దున్నే ఘాటైన జిందా తిలిస్మాత్ మందు రుద్దుకుని, పైన కొంగు కప్పుకుని వచ్చేది.

ఒకరోజు పురుషోత్తం గారు ఆమె బల్ల దగ్గర ఆగి గాలి పీల్చారు. "వాసనొస్తున్నది. ఎవలికి నొప్పి?"

"నొప్పి కాదు సార్, సర్ది."

"సర్ది మోచేతికయిందా?" అని చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

మధ్యాహ్నం ఆమె అన్నం తిని వచ్చేసరికి ఆయన ఆమె బల్ల కింద దూరి ఉన్నారు.

"ఏమన్న పోయిందా సార్?"

"ఏం పోలే. నువ్వేం చూడలే."

పక్క బల్ల ఐలయ్య గొంతు తగ్గించాడు. "గా పుస్తకం ఇంజనీరు సారుకు పోతదట. పైలం బిడ్డా!"

ఈ ముసలాయన తన నోటి కాడి కూడు తీసేట్టున్నాడని శకుంతల ఆ వారమంతా లోలోపల తిట్టుకుంది.

సోమవారం అనుకున్నంతా అయింది. పుస్తకం ఇంజనీరు చేతిలో ఉంది. "ఈమెకు చెయ్యి నొప్పని రాశారు. మరి పనికెట్లా?" అన్నాడాయన.

"పూర్తిగ చదువుండ్రి సార్," అన్నారు పురుషోత్తం గారు. "నొప్పి ఆమెదే గని తప్పు బల్లది. అది ఆమెకు నాలుగంగుళాలు ఎత్తెక్కువున్నది, కింద దూరి కొలిచిన. ఆర్నెల్లసంది చెయ్యి ఎత్తిపట్టి గీస్తున్నది, ఒక్క గీత వంకర పోలే. ఎవలనన్న తీసెయ్యాల్నంటే గా బల్లను తీసెయ్యుండ్రి."

ఇంజనీరు పుస్తకం తిరగేశాడు. ఇరవై పేజీల్లో ఒక్క మనిషి మీదా ఫిర్యాదు లేదు. నేరాలన్నీ బల్లలవీ కుర్చీలవీ. నవ్వుతూ శకుంతలను ఉంచుకునే కాగితం మీద సంతకం పెట్టాడు. సాయంత్రానికి వడ్రంగి మొగిలి వచ్చి బల్ల కాళ్లు నాలుగంగుళాలు కోసేశాడు.

శకుంతల కూర్చుంటే చెయ్యి దానంతటదే బల్ల మీద ఆనింది. ఆమెకు సిగ్గేసింది. "సార్, నేను మిమ్మల్ని అనుమానించిన."

"ఎరికే తియ్యి. ముందుగాల గా భుజాలు దించు బిడ్డా, ఆర్నెల్లసంది చెవులకు తగులుతున్నయి."