దిగేవాళ్ళకి బాణం

ఆ ఆదివారం యారాడ కొండ మీద నడకదారి బాగుచేసి గాజువాక బస్సెక్కాను. మేం వాలంటీర్లం తుప్పలు కొట్టుకుంటూ, రాళ్ళ మీద తెల్లరంగుతో బాణాలు వేసుకుంటూ ఎక్కుతాం.

పక్క సీట్లో ఒకావిడ. ఒళ్ళో పాప నిద్రపోతోంది. ఇద్దరి కాళ్ళూ ముళ్ళకి గీరుకుపోయి ఉన్నాయి. బస్సు కుదిపినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంటోంది.

"ఏటైందక్కా?" అన్నాను.

"కొండెక్కినాం తల్లీ. ఎక్కీటప్పుడు రాయిరాయికీ బాణం అగుపడింది. దిగీటప్పుడు సూస్తే ఒక్కటీ నేదు. దారనుకుని అంచుకెళ్ళిపోనాం. పాప కాలికింద రాయి జారిపోనాది. కింద సముద్రం. జుత్తు సేతికందింది కాబట్టి..."

మేం ఎక్కుతూ వేసిన బాణాలన్నీ రాళ్ళకి ఎక్కేవాళ్ళ వైపే ఉన్నాయి. దిగేవాళ్ళకి కనబడవు. నా గోళ్ళలో తెల్లరంగు ఇంకా ఆరలేదు. చున్నీ కింద దాచుకుందామంటే ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ప్రతి రాయినీ దాటి, వెనక్కి తిరిగి, రెండో వైపు కూడా బాణం వేస్తాను. అటువైపు నిలబడితే కింద సముద్రం కనబడుతుంది. ఆ రెండో బాణం ఎప్పుడూ వంకరగానే వస్తుంది.