పాట మధ్యలో శాలువా

పోయిన శనివారం మా ఇర్వింగ్ తెలుగువాళ్ళు నాకు కప్పిన శాలువా ఇంకా కారు డిక్కీలోనే పడి ఉంది. దాన్ని ఇంట్లోకి తేవడానికి నాకు మనసొప్పలేదు, ఏదని మా ఆవిడా అడగలేదు. ఈ దేశానికి ముందుగా వచ్చిన పెద్దవాళ్ళను సన్మానిస్తున్నాం, తప్పకుండా రావాలని ఒకటికి నాలుగుసార్లు ఫోన్ చేస్తే, సరే పోనీ అని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. హాల్లో ఒక మూల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చెవికి హెడ్‌ఫోన్ డొప్ప తగిలించుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. డీజే అట. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో ఈ కళాసేవ. వాడు మోగిస్తున్న సినిమా పాట అడుగున, చిరుగుకు మాసిక వేసినట్టు, ఏదో పాత ఫంక్ పాటలోని బేస్ గిటార్ ముక్కను కత్తిరించి అతికించారు. ఎవరో చెమటోడ్చి వాయించిన ముక్క అది, దొంగసొత్తు. అయినా అది చెవిన పడగానే నా పక్కన కూర్చున్న మా ఆవిడ వేలు బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షుడు చేయి ఊపాడు, ల్యాప్‌టాప్ దగ్గర ఉన్నవాడు ఒక మీట నొక్కాడు, పాట నడిమధ్యలో ఆగిపోయింది. మా ఆవిడ వేలు గాలిలోనే ఉండిపోయింది. నా పేరు పిలిచారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో ఆ హాల్లో ఎవరికీ చెప్పి ప్రయోజనం లేదు. ఒకప్పుడు ఒహాయో వైపు ఫ్యాక్టరీ ఊళ్ళలో కొత్తగా కాపురాలు పెట్టిన నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

అక్కడ నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఊళ్ళో డెబ్బైల్లో పేటకొక ఫంక్ బ్యాండు ఉండేది. ఫంక్ అంటే నల్లజాతివాళ్ళు పుట్టించిన, కూర్చున్నవాళ్ళను లేపి ఆడించే సంగీతం. చర్చి నేలమాళిగల్లో, కార్మిక సంఘం హాళ్ళలో, ఎవరి గరాజ్ తలుపు తెరిచి ఉంటే అక్కడ, డ్రమ్స్ వాళ్ళు, గిటార్ల వాళ్ళు, బాకాలు ఊదేవాళ్ళు, అందరూ ఒకే రంగు శాటిన్ చొక్కాలు వేసుకుని, చలికాలంలో కూడా చెమటలు కక్కుతూ వాయించేవారు. మేము అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఉండే నల్లజాతి ఆయన పగలు టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రాలు ఒక బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడు. ఆయన సాధన మొదలుపెడితే మా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమనేవి. కొత్తగా కాపురానికి వచ్చిన మా ఆవిడకు ఆయనంటే మొదట్లో మహా కోపం. పైగా తను పెళ్ళికి ముందు వీణ నేర్చుకున్న మనిషి, ఇదేం సంగీతమండీ, దంచుడు కాకపోతే, అనేది.

ఒక రోజు ఆయన మెట్లెక్కి వచ్చి, ఒక పెద్ద గిన్నె అరువివ్వగలరా అని అడిగాడు. ఎందుకని చూస్తే, గిటార్ తీగలు ఊడదీసి నీళ్ళలో మరగబెట్టుకోవడానికట. వేళ్ళ జిడ్డు, చెమట పట్టి తీగల నాదం మందగిస్తుందని, కొత్త తీగలు కొనే స్తోమత లేని వాయిద్యగాళ్ళందరూ అలా మరగబెట్టి మళ్ళీ బిగించుకుంటారని చెప్పాడు. మా ఆవిడ పప్పు వండే పెద్ద గిన్నె తెచ్చి ఇచ్చింది. వీణ మెట్లకు మైనం పట్టించే కష్టం తెలిసిన మనిషి కాబట్టి, ఆ తీగల బాధ ఆవిడకు నాకంటే ముందు అర్థమైంది. తీగలు ఉడికిన గిన్నెలో పప్పు వండడానికి ఆచారం అడ్డొచ్చి, అది మీ దగ్గరే ఉంచుకోండని చెప్పేసింది. ఆ తర్వాత కింద సాధన మొదలయితే గ్లాసులు తీసి కింద పెట్టుకుని, గోడకు ఆనుకుని తాళం వేసుకుంటూ వినేది.

ఫంక్‌కు ప్రాణమంతా దాని నడకలోనే ఉందని ఆయన చెప్పేవాడు. మొదటి దెబ్బ మీద అందరూ కలిసి పడాలి, మళ్ళీ మొదటి దెబ్బకు అందరూ కలిసి చేరాలి, అలా తిరుగుతూ తిరుగుతూ ఉంటే గదిలో ఉన్నవాళ్ళ ఒళ్ళు వాళ్ళ మాట వినడం మానేస్తుంది. అంతదాకా రావడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో తెగితే తెగిన చోట అతకదు, మళ్ళీ చల్లటి పొయ్యి రాజేసినట్టు మొదటినుంచి రాజేసుకోవాలి అనేవాడు.

ఇంతలో రోజులు మారాయి. బ్యాండుకు బదులు రెండు రికార్డు ప్లేయర్లు పెట్టుకున్న ఒక్క మనిషి చాలునని క్లబ్బులవాళ్ళు కనిపెట్టారు. ఒక్కొక్క చోటే పిలుపులు ఆగిపోయాయి. బాకాలు ఊదే ఇద్దరు వేరే ఊళ్ళలో పని చూసుకుంటామని అంటుంటే, ఈ చలికాలం గడిచేదాకా ఆగమని ఆయన బతిమాలుకుంటున్నాడు. అప్పుడు నేను మా తెలుగు సంఘం దీపావళికి వాళ్ళను కుదిర్చాను. మావాళ్ళకు నచ్చితే చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నీ పిలుస్తాయి, బ్యాండు నిలబడుతుందని నా ఆశ, ఆయన ఆశ కూడా.

స్కూలు జిమ్ములో కార్యక్రమం. పట్టుచీరల ఆడవాళ్ళు చాలాసేపు బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత చంటిబిడ్డ చంకనున్న ఒకావిడ లేచింది, ఆవిడ వెనక పిల్లలు, పిల్లల వెనక మగవాళ్ళు, చివరికి మొహమాటానికి మారుపేరైన మా ఆవిడ కూడా. చెక్కనేల మొత్తం ఒకే అడుగు వేస్తోంది. కింది వాటాయన కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు, నిలబడ్డామన్న నవ్వు అది.

పానకంలో పుడకలాగా అప్పుడే దిగాడు, ఇండియా నుంచి వచ్చిన ముఖ్య అతిథి. మన సభల్లో ముఖ్య అతిథి రాగానే అన్నీ ఆగిపోవాలి కదా. అప్పటి అధ్యక్షుడు వేదికెక్కి చేతులు ఊపాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళకు చేతులు కనిపిస్తాయా? కనిపించకపోయేసరికి, ఆ మహానుభావుడు సన్మానాలకని తెచ్చిన శాలువా ఒకటి విప్పి, ఎలాగూ కళాకారులకు సత్కారం బాకీ ఉందని, వాయిస్తున్న డ్రమ్మర్‌కు వెనకనుంచి కప్పేశాడు. చేతులు శాలువాలో చిక్కుకుని పుల్ల ఎగిరి పడింది. నడక తెగింది. గిటార్ ఇంకొంచెం దూరం ఒంటరిగా వెళ్ళి ఆగిపోయింది. జనం సన్మానమని చప్పట్లు కొట్టారు. నోరు మూయమని గుడ్డ కప్పారనుకుని ఆ డ్రమ్మర్ మొహం ఎలా అయిందో నేనింకా మరిచిపోలేదు.

అతిథిగారి ప్రసంగం సాగి సాగి భోజనాల దాకా వచ్చింది. అప్పుడు అధ్యక్షుడు బ్యాండు దగ్గరికి వెళ్ళి, తింటున్నారు కాబట్టి మెల్లగా ఏదైనా వాయించమన్నాడు. వాళ్ళు వాయించారు. ఎవరూ లేవలేదు. పై ఏడు మా సంఘం ఎవరో అబ్బాయి క్యాసెట్లతో పని కానిచ్చింది, బాగా కలిసొచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ చలికాలం సగంలోనే బ్యాండు విడిపోయింది. కింది వాటాయన గిటార్ అమ్మేసి, బంధువుల ఊరికి మకాం మార్చాడు. మేము ఆఫీసుకీ, బజారుకీ పోయిన వేళ చూసి వెళ్ళిపోయాడు. గిన్నెను తళతళలాడేలా తోమి మా మెట్ల మీద పెట్టి పోయాడు. మా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

అలాంటి మాకు, పోయిన శనివారం మళ్ళీ పాట మధ్యలో శాలువా. రెండు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చారు. పాట పూర్తయ్యాక మాట్లాడతానన్నాను. పెద్దాయన భలే జోకులేస్తాడని నవ్వారు. దిగి వచ్చి ఆ డీజేను అడిగాను, పాటను అలా మధ్యలో ఎందుకు తెంపావు బాబూ అని.

"ప్రెసిడెంట్ అంకుల్ ఆపమన్నారు అంకుల్. నో వర్రీస్, ఏం మిస్ అవ్వలేదు. ఎక్కడ పాజ్ చేశానో ఎగ్జాక్ట్‌గా అక్కడే స్టార్ట్ అవుతుంది, చూడండి."

వాడు చెప్పింది నిజమే. మీట నొక్కాడు, పాట తెగిన చోటునుంచే అందుకుంది, ఇందాక వేదిక ముందు ఎగురుతున్న కుర్రకారు మళ్ళీ ఎగరడం అందుకున్నారు. ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు, ఎవరి మొహం చిన్నబోయేదీ లేదు, ఎప్పుడు ఆపినా కోపం రాని సంగీతం దొరికింది మనవాళ్ళకు, తగిన సంగీతమే. నేను నా కుర్చీలోకి వచ్చి మా ఆవిడ వైపు చూశాను. చెయ్యి ఒళ్ళోకి తీసేసుకుంది. పాట అయిపోయేదాకా ఆ వేలు మళ్ళీ బల్ల మీదికి రాలేదు.