మంత్రి మాటలు
మొన్న వేసవిలో ఆమదాలవలస వెళ్లేసరికి, ఒంటరిగా ఉంటున్న నా మిత్రుడు గోడకెదురుగా నిలబడి నాటకం సాధన చేస్తున్నాడు. నలభై ఏళ్లుగా రాజు వేషాలు వేస్తున్న నటుడు. ఒక మాట చెప్పి, కాసేపు ఆగి, మళ్లీ అందుకుంటున్నాడు. ఆ ఖాళీ మంత్రి వేషానిదట; అది వేసే నటుడు చనిపోయాడు. వారంలో శ్రీకాకుళంలో ప్రదర్శన; కొత్త మంత్రి ఆ రోజుకే వస్తాడట. ఎదుట మనిషి లేక కోపం పలకడం లేదని బెంగపడ్డాడు.

పుస్తకం తీసుకుని మంత్రి మాటలు నేను చదివాను.

“ఒరే, ఆఫీసు ఫైలు సదువుతన్నావేటి? నన్ను ఎదిరించరా!”

గొంతు పెంచాను. వంగిన అతని వీపు నిటారైంది. రాజుగా అతను గర్జించేసరికి నిజంగానే ఓ అడుగు వెనక్కి వేశాను. ఇన్నేళ్లు ముందు వరుసలో కూర్చుని చూసినా ఆ భయం ఎరగను.

“రేపూ వస్తావేటి?” అన్నాడు మెల్లగా.

ప్రదర్శన దాకా అన్ని సాయంత్రాలకూ డైరీలో అతని పేరే రాసుకున్నాను.