ఓటీలియా తాళం వేసిన పేజీ

ఓటీలియా చిగువాయ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. లింకాయ్ దీవిలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళు ఆమె దీవి రేడియో పెట్టె ముందు కూర్చుంది. ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరి పడవ ఎప్పుడు బయల్దేరుతుందో, ఎవరి అత్తకు జబ్బు ముదిరిందో, అన్నీ ఆమె చెవిన పడి, ఆమె నోట్‌బుక్‌లోకి ఎక్కి, ఆమె నోటి గుండానే చిలీ దేశపు చిలోయె చుట్టుపక్కల దీవులకు చేరేవి. ఆ నోట్‌బుక్ మీద ఇంకొకరి పెన్ను పడితే ఊరుకునేది కాదు. ఒకసారి ఫాదర్ గారు తేదీ దిద్దబోతే ఆయన చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

సెల్‌ఫోన్లు వచ్చాక రేడియో మూలపడింది. బడి మాస్టారు లెయాంద్రో దీవికి ఒక వెబ్‌సైట్ చేసి పెట్టాడు. పడవల వేళలు, నర్సమ్మ వచ్చే రోజులు, ఆటుపోట్లు, ఎవరింట్లో ఏ పని ఉందో, ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఆమె ఇల్లు కాక దీవిలోనూ పక్క లంకల్లోనూ కలిపి నలభై ఆరు ఇళ్ళు. నలభై ఆరింటికీ ఎడిట్ చేసే పర్మిషన్ ఇచ్చాడు. బదిలీ అయి వెళ్ళిపోతూ అడ్మిన్ పాస్‌వర్డ్ ఓటీలియా చేతిలో పెట్టి, "ఓటీ అక్కా, పేజీ అందరిదీ. మీరు కాపలా," అన్నాడు. మొదటి మాట ఆమె చెవికెక్కలేదు. రెండోది మాత్రం బాగా గుర్తుపెట్టుకుంది.

మావాళ్ళు చేతికొచ్చిన పేజీని ఊరికే వదులుతారా? పొద్దున్నే లేవలేని ఒకాయన ఏడింటి పడవను ఎనిమిదింటికి మార్చాడు. బంగాళాదుంప రొట్టెలో పంది కొవ్వు ఎంత వేయాలో ఒకామె రాస్తే, ఇంకొకామె సాయంత్రానికల్లా దాన్ని రెట్టింపు చేసింది. ప్రార్థనల పేజీలోకి తప్పిపోయిన ఆవు వచ్చి చేరింది. ఓటీలియా రోజూ పొయ్యి పక్కన కూర్చుని ఎవరేం మార్చారో చూసి, పాతది వెనక్కి తెచ్చే బటన్ నొక్కేది. ఆ నొక్కడంలో ఆమెకు సుఖముండేది. దాన్ని దాచుకునేది కూడా కాదు.

ఆ ఫిబ్రవరిలో పని ఆమె ఇంటికే వచ్చింది. సముద్రం గట్టును ఏటా కొరుక్కుతింటోంది. వంటింటి కిటికీకీ గట్టు అంచుకూ మధ్య పదకొండు అడుగులే మిగిలాయి. ఆమె పుట్టిన ఇల్లు అది. గోడల మీది చెక్కపెంకులు ఒక్కొక్కటీ భర్త బతికుండగా తన చేత్తో మార్చాడు. విడిచిపెట్టే మాటే లేదు, ఇంటినే తీసుకుపోవాలి. అందుకు మాకు మింగా ఉంది. ఊరంతా వచ్చి చేయి వేస్తుంది, ఇంటావిడ అందరికీ కడుపునిండా పెడుతుంది. ఎద్దులు ఇంటిని దుంగల మీద నీటి ఒడ్డుకు లాగుతాయి. అడుగున ఖాళీ పీపాలు కడతారు. నిండు పోటుకు ఇల్లు తేలగానే పడవలు తాళ్ళు వేసి ఎదురుగట్టుకు లాక్కుపోతాయి. అంత పెద్ద పోటు వచ్చేది ఒకటి రెండు రోజులే. అది తప్పితే మళ్ళీ రెండు వారాల దాకా ఇల్లు ఒడ్డు మీదే. ఆలోగా ఉత్తరపు గాలి లేచిందంటే అలలు దాన్ని పుల్లలు పుల్లలు చేసేస్తాయి.

తన ఇంటి పేజీ ఆమే రాసుకుంది. ఎద్దులెవరివి, పడవలెవరివి, తాళ్ళెవరివి, విందుకు ఏమేం వండుతుందో. పోటు వేళ దగ్గర మాత్రం మాకు పాత చిక్కొకటి ఉంది. పోట్ల పుస్తకంలో ఏడాది పొడుగునా చలికాలపు గంటలే ఉంటాయి. ఫిబ్రవరి మాకు వేసవి. వేసవిలో గడియారాలు గంట ముందుకు తిప్పుతాం కాబట్టి ఆ గంట మనమే కలుపుకోవాలి. పుస్తకంలో పన్నెండూ ఇరవై. ఓటీలియా గంట కలిపి ఒంటిగంటా ఇరవై అని రాసింది. కలిపానని మాత్రం రాయలేదు. తను కలిపిందంటే కలిపిందే, మళ్ళీ చెప్పడమెందుకు?

దుకాణం నడిపే ఫ్రెసియా ఆ పేజీ చూసింది. పాపం, అక్క హడావిడిలో గంట కలపడం మరిచిపోయిందనుకుని రెండూ ఇరవై చేసింది. సాయంత్రం ఎద్దుల అన్సెల్మో చూశాడు. అతనికీ అక్క మీద జాలి కలిగింది. మూడూ ఇరవై అయింది.

మర్నాడు ఓటీలియా పేజీ తెరిచేసరికి విందు జాబితాలో ఆల్చిప్పల పక్కన ఎవరో 'కొంచెం కోడి కూడా ఉంటే బాగుణ్ణు' అని చేర్చి ఉన్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నా పొయ్యి మీద ఏం ఉడకాలో కూడా వీళ్ళే చెబుతారా!"

కోడిని చెరిపేసింది. ఆ రాసింది ఎవరో చూసే ఓపిక కూడా లేకపోయింది. నేరుగా పర్మిషన్ల పేజీకి వెళ్ళి నలభై ఆరు పేర్ల ఎదుట ఉన్న టిక్కులన్నీ ఒక్క నొక్కుతో తీసేసింది. వేళ వైపు కన్నెత్తి చూడలేదు. తను రాసిందే కదా.

శుక్రవారం ఎద్దులు ఇంటిని ఒడ్డుకు లాగాయి, పీపాలు కట్టడం కూడా అయింది. "రేపు పడవలు ఎన్నింటికి అక్కా?" అని అన్సెల్మో అడిగితే, "పేజీలో పెట్టాను, కళ్ళున్నాయిగా, చూసుకో," అంది. అతను చూసుకున్నాడు. తను దిద్దింది అలాగే ఉన్నందుకు సంతోషించాడు. ఆ మాటేదో ఆమె నోటితో చెప్పి ఉంటే ఇంత కథ ఉండేదే కాదు.

శనివారం, ఆ పెద్ద పోటుకు ఆఖరి రోజు. పదకొండున్నరైంది. ఒడ్డున ఓటీలియా, ఆమె ఇల్లు తప్ప ఇంకెవరూ లేరు. పన్నెండు పడవలు రావాలి. ఒక్కటే వచ్చింది, అదీ తెడ్ల పడవ. అందులో ఎవారిస్తో. ఆమె భర్తతో పాతికేళ్ళు కలిసి చేపలు పట్టినవాడు.

"ఏంటి వదినా, ఒక్కదానివే ఇంటిని ఈదించుకుపోదామనా?"

"నీ వేళాకోళం తగలెయ్య. మిగతావాళ్ళంతా ఏ గంగలో దూకారు?"

"దుంపలు తవ్వుకుంటున్నారు. నీ పోటు మూడూ ఇరవైకి కదా."

"ఎవడన్నాడు?"

"నీ పేజీయే అంది. నీళ్ళు చూస్తేనేమో ఒంటిగంట దాటగానే నిండేట్టున్నాయి. దిద్దుదామని కూర్చుంటే 'మీకు అనుమతి లేదు' అని మొహం మీద కొట్టింది. ఫోన్ చేద్దామంటే ఈ ఒడ్డున సిగ్నల్ ఉండి చావదు. ఇక తెడ్లు పట్టుకొచ్చా."

నీళ్ళు అప్పటికే ముందు వరస పీపాలను తడుపుతున్నాయి. ఓటీలియా చర్చి ఉన్న గుట్ట మీదికి పరుగుపెట్టింది. ఒడ్డుకు దగ్గర్లో సిగ్నల్ అందేది అక్కడే. ఎవారిస్తో రొప్పుతూ వెనకే ఎక్కాడు.

"ఇదిగో, వేళ మార్చేస్తున్నా."

"ఆగు వదినా! పేజీ మారితే ఫోన్ మోగేది ఎడిట్ పర్మిషన్ ఉన్నవాళ్ళకే. మాస్టారు అలాగే పెట్టాడు. నువ్వు అందర్నీ గెంటేశావుగా. నువ్వు మార్చినా ఎవడికి తెలుస్తుంది?"

"పోనీ చర్చి గంట కొడతా."

"ఎవరో పోయారనుకుంటారు. నల్లబట్టలు వెతుక్కుని వచ్చేసరికి పోటు దిగిపోతుంది."

"ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేస్తా."

"మీ ఆడపడుచు ఒక్కతే అరగంట తినేస్తుంది. ముందు పేర్లు కలుపు, తర్వాత వేళ మార్చు."

తీసేయడానికి ఒక్క నొక్కు చాలింది. కలపడానికి ఒక్కో పేరూ విడివిడిగా టిక్కు పెట్టాలి. ప్రతిసారీ అది 'నిజంగా ఇవ్వాలా?' అని అడుగుతుంది. ఫ్రెసియా. నిజంగా ఇవ్వాలి. అన్సెల్మో. నిజంగా ఇవ్వాలి. ఏడింటి పడవను ఎనిమిదికి మార్చిన సోమరి. ఆవును ప్రార్థనల్లో పెట్టినవాడు. ఇన్నాళ్ళూ ఆమె తిట్టుకున్న పేర్లన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వస్తున్నాయి, ఒక్కొక్కరినీ లోపల్లోపల బతిమాలుకుంటోంది. ఏ పేరు పక్కనైనా వాళ్ళు చివరగా రాసిన మాట కనపడుతుంది. ఎవారిస్తో పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"కోడి నీ పనా?"

"చిప్పలు తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు వదినా. ముప్పై ఏళ్ళ నుంచీ."

"మా ఇంట్లో ప్రతి విందుకీ వచ్చావు. ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పావా?"

"నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది? రొట్టె తిని పోయేవాణ్ణి. పేజీలో అయితే మొహం కనపడదుగా, రాసేశా."

టిక్కు పెట్టింది. నలభై ఆరో పేరు అయ్యేసరికి పన్నెండూ పది. వేళ మార్చి, పక్కనే 'వేసవి గంట కలిపేశాను, ఎవరూ మళ్ళీ కలపకండి, దయచేసి త్వరగా రండి' అని రాసి నొక్కింది. ఎవారిస్తో జేబులో ఫోన్ మోగింది. ఆమె అతని చేయి గట్టిగా పట్టుకుంది. ఇంకెవరికి మోగిందో తెలియదు.

అయిదు నిమిషాలు గడిచాయి. అప్పుడు మలుపు అవతల ఒక ఇంజను దగ్గింది. దాని వెనక ఇంకొకటి. లంకల వైపు నుంచి మూడు ఒకేసారి వచ్చాయి. ఫ్రెసియా దుకాణం తలుపులు బార్లా వదిలేసి, నడుముకు కట్టిన గుడ్డ విప్పకుండానే పడవెక్కి వస్తోంది. "అక్కా, గంట నువ్వే కలిపావని చెప్పొద్దూ!" అని దూరం నుంచే అరిచింది. ఓటీలియాకు ఏడుపొచ్చింది.

పావుతక్కువ ఒంటిగంటకు తాళ్ళు బిగిశాయి. ఒంటిగంటకు ఇల్లు ఒకసారి మూలిగి, పక్కకు ఒరిగి, నిలబడి తేలింది. పన్నెండు పడవలకు బదులు పదిహేను వచ్చాయి. రెండింటికల్లా ఇల్లు ఎదురుగట్టు ఇసుకలో కూర్చుంది. కిటికీ అద్దం ఒక్కటి పగిలింది, అంతే. ఓటీలియా గుమ్మంలో కూలబడింది. బతికిపోయాను, బతికిపోయాను అనుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున విందు పనులు మొదలుపెట్టకముందు అలవాటుగా పేజీ తెరిచింది. రాత్రికి రాత్రే పంతొమ్మిది మార్పులు. వేళ చెరిపేసి ఎవరో 'ఇల్లు చేరింది' అని రాశారు. ఇంకెవరో ఆమె ఇంటిపేరు తప్పు రాశారు. ఇంకొకరు పగిలిన అద్దం కొలత పెట్టి 'నేను తెస్తా' అన్నారు. వెనక్కి తెచ్చే బటన్ అక్కడే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కిందికి జరుపుకుంటూ విందు జాబితా దాకా వెళ్ళి, ఆల్చిప్పల తర్వాత తనే ఒక మాట చేర్చింది.

'కోడి. వేరే కుండలో.'

ఇంటి వెనక విందు పొయ్యికి గొయ్యి తవ్వడానికి పార అందుకుంటున్న ఎవారిస్తో జేబులో ఫోన్ మోగింది. అతను తీసి చదువుకుని, టోపీ తీసి, వంటింటి కిటికీ వైపు ఊపాడు.